ఓటడిగేటోడు రోడ్డు మీద, ప్రశ్నించేటోడు ఠాణాలో

పార్లమెంటు ఎలక్షన్లు వచ్చాయంటే మన మండల కేంద్రాల్లో రెండు పనులు వెంటవెంటనే జరుగుతాయి. గోడల మీది పార్టీ రాతలకు సున్నం పడుతుంది. ఠాణాలో పాత జాబితా బయటికొస్తుంది. సున్నంతో మాకు పేచీ లేదు. పేచీ అంతా ఆ జాబితాతోనే.

అందులో పోయిన ఎలక్షన్లలో తలలు పగలగొట్టినోళ్లు ఉంటారు, దొంగసారా అమ్మేటోళ్లు ఉంటారు. ఉండాల్సిందే. కానీ వాళ్ల పక్కనే, అదే వరుసలో, ఫీజుల కోసం ధర్నా చేసిన విద్యార్థి పేరుంటుంది. భూమి పోతుందని రోడ్డు మీద కూర్చున్న రైతు పేరుంటుంది. ఎప్పుడో రాస్తారోకోలో దొరికిన ఉద్యమకారుడి పేరుంటుంది. అందరికీ ఒకటే పిలుపు: వచ్చి బైండోవర్ కాగితం మీద సంతకం పెట్టి పో! ఇది చదువుతున్న మిత్రుల్లో చాలామందికి ఆ సంతకం కొత్త కాదు. 2011 మార్చి 10న మిలియన్ మార్చ్‌కు ముందు జిల్లాల్లో ఎట్లా ఏరి ఏరి పట్టుకున్నారో మనం మరిచిపోలేదు. మేమూ ఆ రోజుల్లో ఒక ఠాణా వరండాలో రాత్రంతా కూర్చున్నవాళ్లమే. ఏ నేరం చేశామని అడిగితే వచ్చిన జవాబు ఒక్కటే, "చేస్తారేమోనని."

ఈ "చేస్తారేమో" అన్న మాట మీదనే ఎలక్షన్ బందోబస్తు సగం నడుస్తోంది.

యాదగిరిగుట్ట సంగతే తీసుకోండి. 2024 మార్చి 16న ఢిల్లీలో ఎన్నికల సంఘం లోక్‌సభ షెడ్యూలు ప్రకటించే నాటికి గుట్ట మీద నరసింహస్వామి బ్రహ్మోత్సవాలు నడుస్తున్నాయి. మన భువనగిరి నియోజకవర్గంలో పోలింగు మే 13న. అంటే రెండు నెలలకు రెండు రోజులు తక్కువ. అన్ని రోజులూ ఊరు చెక్‌పోస్టుల నడుమ బతకాలి. కొబ్బరికాయలు, పూలు అమ్ముకునేటోళ్లు, లాడ్జీల వాళ్లు, ఆటోల వాళ్లు, అందరూ రోజువారీ నగదు మీద ఆధారపడ్డవాళ్లే. పైగా అది యాసంగి వడ్లు అమ్ముకునే కాలం. 50 వేలకు మించి నగదు దొరికితే కాగితాలు చూపించాలె. కొబ్బరికాయల దుకాణదారు ఏ రసీదు తెస్తాడు? పాడిబర్రె కొనడానికి సంతకు పోయే రైతు ఏం చూపిస్తాడు?

పట్టుకున్న సొమ్ముకు ఏ అభ్యర్థితోనూ, ఏ పార్టీతోనూ సంబంధం లేదని తేలితే జిల్లాలో ముగ్గురు అధికారుల కమిటీ వెంటనే విడుదల చేయాలని ఎన్నికల సంఘం నియమమే ఉంది. కేసు పెట్టకపోతే పోలింగు అయిన ఏడు రోజులకు మించి ఆ సొమ్మును దగ్గర పెట్టుకోకూడదు. ఈ ముక్క చెక్‌పోస్టు దగ్గర ఒక బోర్డు మీద రాసి పెడితే ఏమవుతుంది? మేము తిరిగిన దారుల్లో అట్లాంటి బోర్డు ఒక్కటీ కంటబడలేదు.

పోలీసుల మీద మాకు గుడ్డికోపం లేదు. మే నెల ఎండలో చెక్‌పోస్టు దగ్గర నిలబడే కానిస్టేబులూ మన బిడ్డే. ఈ గడ్డ మీద ఎలక్షన్ అంటే పోలీసులు జంకిన కాలం ఒకటుండె, దానికి కారణమూ ఉండె. భువనగిరి ఎమ్మెల్యే, అప్పటి మంత్రి ఎలిమినేటి మాధవరెడ్డిని 2000 మార్చి 7న ఘట్‌కేసర్ దగ్గర మందుపాతరతో చంపేశారు. ఓటు వేస్తే అన్నలకు కోపం, వేయకపోతే పోలీసులకు అనుమానం అన్నట్టు పల్లెలు నలిగిపోయిన రోజులవి. ఆ భయం పోయి చాలా ఏండ్లయింది. ఆ భయంతో నేర్చుకున్న అలవాటు మాత్రం పోలేదు.

2023 జూన్‌లో ఏం జరిగింది? గుట్ట పక్కనే ఉన్న రాయగిరి రైతులు రీజనల్ రింగు రోడ్డుకు భూములు ఇవ్వమని కొట్లాడితే, వాళ్లను చేతులకు బేడీలు వేసి భువనగిరి కోర్టుకు తెచ్చారు. కోర్టు అనుమతి లేకుండా బేడీలు వేయకూడదని సుప్రీంకోర్టు ఎన్నడో చెప్పింది. అయినా వేశారు. రాష్ట్రమంతా ఛీకొట్టింది. కానీ అట్లాంటి కేసు ఒక్కటి మీద పడితే చాలు, వచ్చే ఎలక్షన్లకు ఆ పేరు జాబితాలోకి ఎక్కడానికి దారి తెరిచినట్టే. భూమి కోసం అడిగిన మనిషి "శాంతిభద్రతల సమస్య" అయిపోతాడు.

అసలు చట్టం ఏమంటోంది? ప్రజాప్రాతినిధ్య చట్టం 28ఎ ప్రకారం, ఎన్నికల పనికి నియమించిన పోలీసులు నోటిఫికేషన్ రోజు నుంచి ఫలితాలు వచ్చేదాకా ఎన్నికల సంఘానికి డెప్యుటేషన్ మీద ఉన్నట్టే. అధికార పార్టీ లీడరు ఫోనుకు కదలాల్సిన పని వాళ్లకు లేదు. అదే చట్టం 127వ సెక్షన్ ఎన్నికల సభను చెడగొట్టేవాళ్ల సంగతి చెబుతుంది. సభాధ్యక్షుడు కోరితే పోలీసు అధికారి అల్లరి చేసినవాడి పేరు, ఊరు అడగాలె. చెప్పకపోయినా, తప్పు చెప్పాడని అనుమానం వచ్చినా అప్పుడు వారెంటు లేకుండా పట్టుకోవచ్చు. అంటే మనిషి సభకు రావాలె, అక్కడ అల్లరి చేయాలె. ఇంట్లో పండుకున్నోణ్ని తెల్లారుజామున లేపి తీసుకుపొమ్మని ఆ సెక్షన్‌లో ఎక్కడుంది?

ఇగ బైండోవర్. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 107, 2024 జూలై 1 నుంచి వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలో 126. నంబరు మారింది, కాగితం అదే. కానీ ఆ కాగితానికి ముందు మేజిస్ట్రేటు రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలె. తనకు ఏ సమాచారం అందిందో, ఎంత పూచీకత్తో, ఎన్నాళ్లకో అందులో ఉండాలె. తర్వాత విచారణ జరగాలె. సోషలిస్టు నాయకుడు మధు లిమయే కేసులో 1970లోనే సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం ఆ సెక్షన్లు చెల్లుతాయని అంటూనే, ఈ పద్ధతి తప్పకుండా పాటించాలని చెప్పింది. మన దగ్గర ఏం జరుగుతోంది? పేరు ఒక్కటి మార్చి మిగతాదంతా జిరాక్సు.

నల్లగొండ జనానికి ఎలక్షన్ అంటే ఏమిటో పోలీసులు నేర్పాల్సిన పని లేదు. 1952లో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉంటే, పీడీఎఫ్ పేరుతో నిలబడ్డ బొల్లేపల్లి రావి నారాయణరెడ్డికి ఈ జిల్లా నెహ్రూకు వచ్చినవాటి కంటే ఎక్కువ ఓట్లు వేసింది. 1996లో ఫ్లోరైడు నీళ్లు తాగలేక జనం నామినేషన్లు వేశారు. నల్లగొండ లోక్‌సభకు 480 మంది అభ్యర్థులు! పోలింగే వాయిదా పడింది. ఒక్క అద్దం పగలలేదు, దేశమంతా మన నీళ్ల గురించి మాట్లాడింది. ఢిల్లీ చేసిందేమిటంటే, అదే ఏడాది లోక్‌సభ డిపాజిట్టును 500 నుంచి 10 వేలకు పెంచింది. ప్రశ్న వచ్చే దారిని మూయడం ఠాణాకే కాదు, పార్లమెంటుకూ తెలిసిన విద్యే.

2024 ఏప్రిల్‌లో ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి భువనగిరి ప్రచారానికి వచ్చి, ఆగస్టు 15లోగా రెండు లక్షల రుణమాఫీ చేస్తానని యాదగిరి నరసింహస్వామి మీద ఒట్టేశారు. దేవుణ్ని ఓట్ల ప్రచారంలోకి తేవచ్చునా అన్న చర్చ పక్కన పెడదాం. ఒట్టేసిన లీడరు, ఆయన ఏ పార్టీ అయినా సరే, మళ్లీ ఓటుకు వచ్చినప్పుడు "ఆ మాట ఏమైంది" అని ఒక రైతు ప్లకార్డు పట్టుకుంటే అది ప్రచారమా, అల్లరా? మేమంటాం, ప్రచారమే. మైకు పట్టుకున్నోడికి ఎంత హక్కుందో, ప్లకార్డు పట్టుకున్నోడికీ అంతే ఉంది.

తర్వాతి పార్లమెంటు ఎలక్షన్లు 2029లో. ఈలోపు గుట్ట మండలంలోనైనా, ఇంకెక్కడైనా, విద్యార్థి సంఘాలు, ఉద్యోగ సంఘాలు చేయాల్సిన పని ఒకటుంది. పోయిన ఎలక్షన్లలో ఎవరిని బైండోవర్ చేశారు, ఏ సమాచారం మీద చేశారు అని సమాచార హక్కు చట్టం కింద తహసీల్దారు ఆఫీసులో దరఖాస్తు పెట్టాలి. రెవెన్యూ ఉద్యోగులు మనవాళ్లే, ఉద్యమంలో సకలజనుల సమ్మెకు దిగినవాళ్లే. ఆ ఫైళ్లలో సంతకాలు ఎవరి ముందు జరిగాయో వాళ్లకు మనకంటే బాగా తెలుసు. ఇకముందు ఠాణా నుంచి కబురొస్తే ఉత్తచేతులతో పోకండి. ఉత్తర్వు కాపీ అడగండి, సమాచారం ఏమిటో చదివి వినిపించమనండి, వకీలును వెంటబెట్టుకోండి. కాపీ ఇవ్వకుండా సంతకం పెట్టమంటే, కాపీ ఇవ్వలేదన్న మాట ఆ కాగితం మీదే రాసి, తారీఖు వేసి, అప్పుడు పెట్టండి.