ఆ రోజు నీళ్ళు ఎవరు మోశారు?

రాజమండ్రి అనగానే కందుకూరి వీరేశలింగం గుర్తుకొస్తారు. 1881 డిసెంబరు 11న ఆయన ఇక్కడ మొదటి వితంతు వివాహం జరిపించారని బడిపిల్లలు కూడా చెబుతారు. ఆ రోజు పోలీసు బందోబస్తు మధ్య పెళ్ళిపీటల మీద కూర్చున్న అమ్మాయి పేరు మనలో ఎంతమందికి తెలుసు? ఆమె గౌరమ్మ. చరిత్ర ఆమెకు ఇచ్చిన చోటు 'వధువు' అన్న ఒక్క మాట.

గోదావరి జిల్లాల తొలితరం స్త్రీల వివరాలు సేకరిస్తున్న నాకు దారి చూపింది ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగి, బడిలో పాఠాలు చెప్పి రిటైరయిన ఒక పెద్దావిడ. పేరు వేయవద్దన్నారు కనుక వేయడం లేదు. ఏ వీధిలో ఎవరుండేవారో, ఎవరింట్లో పాత ఉత్తరాలున్నాయో ఆవిడకు తెలుసు. "ఉద్యమంలో ఆడవాళ్ళ పాత్ర ఏమిటని అడిగితే ఎవరూ చెప్పలేరమ్మాయ్. ఆ రోజు వంటెవరు చేశారు, నీళ్ళెవరు మోశారు అని అడుగు" అన్నారు మొదటి రోజే.

అలా అడిగితే తెలిసిన సంగతులే కొత్తగా కనిపిస్తాయి. ఊరు వెలివేసి, వంటవాళ్ళూ నీళ్ళు తెచ్చేవాళ్ళూ రావడం మానేస్తే రాజ్యలక్ష్మమ్మ తానే గోదావరి నుంచి నీళ్ళు మోసుకొచ్చి వండి పెట్టారు. ఇంటికి చేరిన వితంతువులను సాకారు. దీన్ని 'భర్తకు తోడ్పాటు' అంటున్నాం. ఆ చాకిరీ లేకపోతే సంస్కరణ ఒక్కరోజైనా నడిచేదా? ద్రాక్షారామంలో పుట్టిన బాలవితంతువు దువ్వూరి సుబ్బమ్మ 1922లో జైలుకు వెళ్ళారు. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి రాజ్యాంగ సభ దాకా వెళ్ళారు. పేరు మిగిలిన ఈ కొద్దిమంది వెనక పేరు మిగలని స్త్రీలెందరో!

ఇది మనతో మొదలైన పని కాదు. భండారు అచ్చమాంబ 1901లోనే స్త్రీల చరిత్రలు పుస్తకంగా తెచ్చారు. తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలను స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా వెలువరించింది. డెల్టాలో ఊరూరా ఆ పని జరగాలి.

అయితే ఒక్కరి జ్ఞాపకమే ఊరి చరిత్ర కాదు. దళితపేట స్త్రీల గురించి అడిగితే ఆ పెద్దావిడే, "వాళ్ళ సంగతి నేనెలా చెబుతాను? వాళ్ళనే అడగాలి" అన్నారు. అగ్రవర్ణాల ఇళ్ళ దగ్గరే ఆగిపోతే మనం రాసేది కూడా సగం చరిత్రే. నాట్లు వేసిన కూలీలు, దేవదాసీలుగా ముద్రపడిన కళావంతుల స్త్రీలు తమ కథ తామే చెప్పుకోవాలి.

మరో మాట. చెప్పినవాళ్ళకు ఆ మాటల మీద హక్కుంది. పేరు వేయాలా వద్దా అన్నది వాళ్ళ ఇష్టం. రికార్డు చేసినదాని ప్రతి ఒకటి వాళ్ళకివ్వాలి, ఒకటి ఊరి గ్రంథాలయంలో ఉంచాలి. సమాచారం పట్టుకుపోయి నగరంలో నివేదికలు అచ్చువేసుకుంటే, వాళ్ళ శ్రమను మరోసారి దోచుకున్నట్లే.

మన సంఘాలు ఈ ఏడాది ఒక్కో ఊళ్ళో ఒక్కో పెద్దామె దగ్గరైనా కూర్చోవాలి. వాళ్ళతోపాటే వెళ్ళిపోయేదాన్ని తర్వాత ఏ గ్రంథాలయంలోనూ వెతుక్కోలేం.