మతానికి అధికారం తోడైతే: అమెరికా అనుభవం, మన కర్తవ్యం

విజయవాడ నుంచి బందరు వెళ్ళే రహదారి మీద ఉయ్యూరు తరువాత పామర్రు వస్తుంది. 2025 జనవరి 20న జె.డి. వాన్స్ అమెరికా ఉపాధ్యక్షునిగా ప్రమాణం చేసినప్పుడు మన ప్రాంతమంతా ఒక విధమైన గర్వంతో మురిసిపోయింది. ఆయన భార్య ఉషా చిలుకూరి మన తెలుగింటి ఆడపడుచు. తణుకు దగ్గరి వడ్లూరు ఆ వార్తకు పండుగ చేసుకున్నది. ఆమె తండ్రి వైపు పూర్వీకుల మూలాలు ఉయ్యూరు ప్రాంతంలోని సాయిపురంలో ఉన్నాయని పత్రికలు రాశాయి.

అదే సంవత్సరం అక్టోబరు 29న మిసిసిపి విశ్వవిద్యాలయంలో జరిగిన సభలో వాన్స్ ఒక ప్రశ్నకు జవాబిస్తూ, తనను కదిలించిన క్రైస్తవ విశ్వాసం ఏదో ఒకనాడు తన భార్యనూ కదిలిస్తుందని ఆశిస్తున్నానన్నారు. ఆమె మారకపోయినా తనకు ఇబ్బంది లేదని కూడా చెప్పారు. ఆ మాటకు ఇక్కడ చాలామంది నొచ్చుకున్నారు. హిందూ ఇంట పుట్టిన మన అమ్మాయి మతం చాలలేదా అని వాపోయారు. ఆ బాధను మేము ఎగతాళి చేయము. తన మతం తక్కువదన్న సూచన ఎవరికైనా గుచ్చుకుంటుంది. కానీ ఆ బాధ పడ్డవారిని ఒక్క మాట అడగాలనిపిస్తున్నది. అధికారంలో ఉన్నవాడి మతమే దేశానికి పునాది అని వినవలసి రావడం ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసింది కదా? ఈ దేశంలో మేము దానిని నిత్యం వింటున్నాము.

భర్త తన భార్య విషయంలో ఏమి ఆశించాడన్నది ఆ ఇంటి సంగతి. మనం పట్టించుకోవలసినది ఆ సభలోనే ఆయన చెప్పిన మరో మాట. క్రైస్తవ విలువలు అమెరికాకు ముఖ్యమైన పునాది అని, ఆ అభిప్రాయానికి తాను ఎవరికీ క్షమాపణ చెప్పనని ఆయన అన్నారు. అది ఒక వ్యక్తి భావన మాత్రమే కాదు. ఐదు దశాబ్దాలుగా పెరుగుతూ వచ్చిన ఒక రాజకీయం.

విచిత్రమేమిటంటే, మతాన్నీ రాజ్యాన్నీ వేరుచేయాలని అమెరికాలో గట్టిగా కోరినవారిలో క్రైస్తవులే ముందున్నారు. కనెక్టికట్ రాష్ట్రంలో కాంగ్రిగేషనల్ చర్చికి ప్రభుత్వ ఆదరణ ఉన్న రోజుల్లో, అక్కడ అల్పసంఖ్యాకులైన డాన్‌బరీ బాప్టిస్టులు అధ్యక్షుడు జెఫర్సన్‌కు తమ గోడు వెళ్ళబోసుకున్నారు. మతానికీ రాజ్యానికీ నడుమ గోడ ఉండాలన్న ప్రసిద్ధమైన భావన ఆయన 1802 జనవరి 1న వారికి రాసిన జవాబులోనిదే. అంటే ఆ గోడను కోరుకున్నది నాస్తికులు కాదు. రాజ్యం అండలేని విశ్వాసులు.

అదే బాప్టిస్టుల వారసుల్లో చాలామంది ఇరవయ్యో శతాబ్దం చివరికి ఆ గోడను కూల్చే పక్షాన చేరారు. 1973లో గర్భస్రావ హక్కును సుప్రీంకోర్టు గుర్తించడం, నల్లవారిని చేర్చుకోని మత విద్యాసంస్థలకు పన్ను మినహాయింపులు పోవడం వంటివి సంప్రదాయ క్రైస్తవులను రాజకీయంగా సమీకరించాయి. 1979లో జెర్రీ ఫాల్వెల్ అనే బాప్టిస్టు పాస్టరు 'మోరల్ మెజారిటీ' సంస్థను స్థాపించాడు. మరుసటి ఏడాది రీగన్ గెలుపులో వారు పాలుపంచుకున్నారు. 2016 నుంచి జరిగిన మూడు అధ్యక్ష ఎన్నికల్లోనూ శ్వేతజాతి ఎవాంజెలికల్ క్రైస్తవుల్లో పదిమందికి దాదాపు ఎనిమిది మంది ట్రంప్‌కు ఓటు వేశారు. ట్రంప్ నియమించిన ముగ్గురు న్యాయమూర్తులతో బలపడిన సుప్రీంకోర్టు 2022 జూన్ 24న గర్భస్రావ హక్కును రద్దుచేసింది.

మతస్థులు రాజకీయాల్లోకి రావడమే నేరమని మేము అనము. మార్టిన్ లూథర్ కింగ్ కూడా పాస్టరే. 1957లో ఏర్పడిన ఆయన సంస్థ పేరులోనే క్రైస్తవం ఉన్నది. అయితే ఆ విశ్వాసం అణగారినవారి పక్షాన నిలిచి రాజ్యాన్ని నిలదీసింది. అందరికీ సమాన హక్కు అడిగింది. ఫాల్వెల్ బాట వేరు. రాజ్యాన్ని తన మతం పక్షాన నిలుపుకోవడమే దాని లక్ష్యం. మనకూ మన విశ్వాసమే న్యాయం కోసం నిలబడే బలాన్నిస్తున్నది కనుక, ఈ రెండింటి తేడా మనం స్పష్టంగా గుర్తించాలి.

ఆ రాజకీయం మన మీద పడ్డ రోజు ఎవరూ మరచిపోలేదు. 2017 జనవరి 27న ఏడు ముస్లిం మెజారిటీ దేశాల పౌరుల ప్రవేశాన్ని ట్రంప్ ఆపివేశారు. సిరియా శరణార్థుల్లో క్రైస్తవులకు ప్రాధాన్యమిస్తామని ఆనాడే ఒక క్రైస్తవ టీవీ చానెల్‌తో చెప్పారు. శరణు కోరి వచ్చినవారిని మతం చూసి వడపోసే ఆ పద్ధతిని మనం 2019 డిసెంబరులో మన పార్లమెంటులోనూ చూశాము. పౌరసత్వ సవరణ చట్టం ఆరు మతాల పేర్లు చెప్పి, ముస్లింల పేరు వదిలివేసింది.

ఇక్కడ మరచిపోకూడని సంగతి ఒకటున్నది. ట్రంప్ ఉత్తర్వును అమెరికా కాథలిక్ బిషప్పుల సభ వ్యతిరేకించింది. శరణార్థులకు ఆశ్రయమిచ్చే పనిలో ఉన్న ఎవాంజెలికల్ సంస్థలు కొన్ని సైతం గొంతు విప్పాయి. ముస్లింల కోసం నిలబడ్డ ఆ క్రైస్తవులను మనం విస్మరిస్తే అది న్యాయం కాదు.

క్రైస్తవం పేరిట నడిచిన ఆ రాజకీయం క్రైస్తవులకైనా మేలు చేసిందా? 2018 మే 14న జెరూసలేంలో అమెరికా రాయబార కార్యాలయం తెరిచినప్పుడు ఎవాంజెలికల్ పాస్టర్లు ప్రార్థన చేశారు. ఆ విధానాల భారం మోసినవారిలో పాలస్తీనా క్రైస్తవులూ ఉన్నారు. 2023 అక్టోబరు 19న గాజాలోని ప్రాచీన సెయింట్ పార్ఫిరియస్ చర్చి ఆవరణ మీద ఇజ్రాయెల్ బాంబు పడి అక్కడ తలదాచుకున్నవారు చనిపోయారు. ఆ ఏడాది యేసు జన్మస్థలమైన బెత్లెహేము క్రిస్మస్ వేడుకలను మానుకున్నది. 2025 జనవరి 20న శరణార్థుల ప్రవేశాన్ని నిలిపివేసినప్పుడు కాంగో, మయన్మార్‌ల నుంచి వచ్చే క్రైస్తవులకూ ఆ తలుపు మూసుకున్నది. పక్షం రోజులు గడిచాక, జనాభాలో అత్యధికులు క్రైస్తవులే అయిన ఆ దేశంలో 'క్రైస్తవ వ్యతిరేకత'ను రూపుమాపడానికంటూ ఫిబ్రవరి 6న మరో ఉత్తర్వు వెలువడింది. మెజారిటీ మతం ప్రమాదంలో ఉన్నదన్న ఆ నినాదం మనకు కొత్త కాదు. మెజారిటీ మత రాజకీయం ఆశించేది అధికారాన్ని. తోటి విశ్వాసి ప్రాణం దానికి లెక్కలేదు.

ఈ మాటలన్నీ పామర్రులో కూర్చుని ఎందుకు చెప్పుకోవాలి? గాజా దృశ్యాలు చూసి రగిలిపోయిన మన యువకుల్లో కొందరు ఆ కోపాన్ని పక్కవీధి చర్చి మీదికి మళ్ళిస్తున్నారు. ఇక్కడి క్రైస్తవులను అమెరికా మనుషులుగా చూడడం వినబడుతున్నది. ఇది తప్పు. పైగా మనకే ముప్పు. ముస్లింలను పరాయి దేశానికి ముడిపెట్టి మాట్లాడినప్పుడు మనం ఎంత క్షోభపడతామో, అదే నిందను పొరుగువాడి మీద ఎలా వేస్తాము?

తెలుగునాట అమెరికా మిషనరీలు వచ్చిన మాట నిజమే. 1842లో లూథరన్ హేయర్ గుంటూరు చేరాడు. ఒంగోలు ప్రాంతంలో బాప్టిస్టు క్లౌ 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇప్పించాడు. వారిలో అత్యధికులు మాదిగలు. ఊరి వెలుపల బతికినవారు చర్చిలో వెతుక్కున్నది మనిషిగా గౌరవాన్ని. వాషింగ్టన్ అధికారంతో వారికేమి పని? నేటి డెల్టా పల్లెల్లో చర్చికి వెళ్ళే కూలి కుటుంబం వారి కోవలోనిదే.

ఆ కుటుంబానికీ మనకూ ఒకే తాళం పడి ఉన్నది. పామర్రు శాసనసభ స్థానం 2009 ఎన్నికల నుంచి ఎస్సీలకు రిజర్వు అయింది. కానీ 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడవ పేరా ఎస్సీ హోదాను మతంతో ముడిపెట్టింది. మొదట హిందువులకు, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ హోదా దక్కింది. దళిత క్రైస్తవుడు, దళిత ముస్లిం పామర్రులో ఓటు వేయగలరు కానీ పోటీ చేయలేరు. దళిత క్రైస్తవులకు బీసీ-సిలో దక్కినది 1 శాతం. మన రాష్ట్ర ఎస్సీ జాబితాలో మెహతర్ కులం పేరు ఉన్నది. అదే వృత్తిలో ఉన్న ముస్లిం మెహతర్‌కు మాత్రం అందులో చోటు లేదు. 2025 ఏప్రిల్ 30న మన హైకోర్టు, క్రైస్తవం స్వీకరించి పాస్టరుగా పనిచేస్తున్న వ్యక్తికి అట్రాసిటీ చట్టం రక్షణ వర్తించదని తీర్పు చెప్పింది. మతం మారితే మనిషిని కులం పేరుతో తిట్టడం ఆగుతుందా?

ఎస్సీ హోదాను మతంతో ముడిపెట్టరాదని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే సిఫారసు చేసింది. దళిత క్రైస్తవులను ఎస్సీల్లో చేర్చాలని 2023 మార్చి 24న మన శాసనసభ తీర్మానించింది. అది హర్షణీయం. దళిత ముస్లింల కోసమూ అదే గొంతుతో అడగవలసిన బాధ్యత మనది. అందుకు చర్చి సంఘాల తోడు కావాలి. మన తోడు వారికీ కావాలి.

కనుక సోదర సోదరీమణులకు మా విన్నపం ఇది. జుమా తరువాత అమెరికా గురించి మాట్లాడుకుందాం, గాజా గురించి తప్పక మాట్లాడుకుందాం. కానీ ఆ మాటలు ఇక్కడి క్రైస్తవ కుటుంబాల మీద అనుమానంగా ముగియకూడదు. మసీదు కమిటీలు, ముస్లిం సంఘాలు తమ మండలంలోని దళిత క్రైస్తవ సంఘాలతో కలిసి కూర్చోవాలి. మూడవ పేరా తొలగించాలన్న వినతిపత్రం మీద ఇద్దరి సంతకాలూ ఉండాలి. ఎక్కడైనా ప్రార్థన మందిరం మీద దాడి జరిగితే, అది చర్చి అయినా మసీదు అయినా, పోలీసు స్టేషనుకు ఇద్దరమూ కలిసి వెళ్ళాలి.

చివరగా మనల్ని మనం ఒకటి ప్రశ్నించుకోవాలి. భారతదేశంలో లౌకిక రాజ్యం కావాలని కోరే మనం, ముస్లింలు మెజారిటీగా ఉన్న దేశాల్లోని క్రైస్తవులకూ, హిందువులకూ అదే హక్కు కోరుతున్నామా? కోరకపోతే మనమూ జెఫర్సన్‌కు గోడు చెప్పుకున్న బాప్టిస్టుల వారసుల దారినే నడిచినవారమవుతాము. అల్పసంఖ్యాకులుగా ఉన్నప్పుడు అడిగిన న్యాయాన్ని మెజారిటీ అయినచోట కూడా నిలబెట్టినప్పుడే మన మాటకు విలువ ఉంటుంది.