కొల్లేరెవరి సొత్తు?

కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ ప్రకృతి యమర్చిన మహాజలాశయము కొల్లేరు. వర్షాకాలమున బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏళ్లు తెచ్చు వెల్లువను ఇది తన కడుపున నిముడ్చుకొని, ఉప్పుటేటి ద్వారమున మెల్లమెల్లగా సముద్రమునకు విడుచును. పల్లపుటూళ్లను వఱదనుండి కాపాడు ఈ కావలివానికి జీతము లేదు, బత్తెము లేదు. దూరదేశములనుండి వచ్చు పక్షులకు ఇది విడిది. వలయే ఆస్తిగాగల జాలరులకు జీవనాధారము. ఇట్టి సరస్సునకు మనము చేసిన ప్రత్యుపకార మెట్టిది?

శాసనములకు కొఱత లేదు. 1999లో ప్రభుత్వము సముద్రమట్టమునకు ఐదడుగుల యెత్తుగల హద్దువఱకు, సుమారు 308 చదరపు కిలోమీటర్ల ప్రదేశమును అభయారణ్యముగా ప్రకటించెను. 2002లో కొల్లేరు రాంసర్ ఒడంబడిక పట్టికకెక్కి లోకప్రసిద్ధి గాంచెను. 2006లో సుప్రీంకోర్టు ఆదేశముల ననుసరించి చేపలచెఱువుల గట్లు తెగగొట్టబడినవి. అయినను తరువాతి యేండ్లలో గట్లు మరల తలయెత్తినవి. గట్టు లేచిన కొలదియు సరస్సు కుంచించుకొనిపోవును. నీరు నిలుచు చోటు తగ్గును. వఱద మాత్రము తగ్గదు.

"బీదల పొట్టగొట్టుదురా?" యని కొందఱు మమ్ము ప్రశ్నింపవచ్చును. మాకు నా విచారము కలదు. కాని 1970 దశకమున జాలరుల సహకార సంఘములకై త్రవ్వించిన చెఱువు లెన్నియో కౌలు పేరిట ధనవంతుల చేతులలోనికి పోలేదా? సంఘము పేరు బీదవానిది, లాభము పెట్టుబడిదారునిది. తాత తండ్రులనాడు స్వేచ్ఛగా వలవేసిన నీటిలోనే నేడు జాలరి కూలివాడయ్యెను. కొల్లేటిని రక్షించుటయనగా వానిని వెడలగొట్టుట కాదు. వాని నీటిని వానికి మరల నిచ్చుట.

ఇక పట్టణవాసులమైన మనము నిర్దోషులమా? ఏలూరు, గుడివాడ, విజయవాడ పట్టణముల మురుగు కాలువలవెంట ఆ సరస్సునకే చేరుచున్నది. మన వాకిలి దాటిన మాలిన్యము మనది కాదనుకొనుట మన యలవాటు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ పేటలను ముంచినప్పుడు ఆ యలవాటునకు తగిన పాఠము లభించినది. ఏటిదారిని మన మాక్రమించినచో, ఏరు మన వీధులనే దారిగా గైకొనును. దానికి న్యాయస్థానమును లేదు, వాయిదాయును లేదు.

కావున మేము కోరునది స్పష్టము. సరస్సు హద్దులకు రాళ్లు పాతవలెను. అక్రమముగా లేచిన గట్టు ఏ పక్షమువారిదైనను తొలగింపవలెను. హద్దులోపల జిరాయితీ భూములు గలవారికి న్యాయమైన పరిహార మీయవలెను. జాలరులకు వలవేట హక్కును స్థిరపఱుపవలెను. పురపాలక సంఘములు మురుగును శుద్ధిచేయనిదే కాలువలోనికి విడువరాదు.

ఇందు తుది కోరిక నెరవేర్చుట పాఠకుల చేతిలోనే యున్నది. ఓట్లకొఱకు వాకిటికి వచ్చినవానిని, "మన వీధి మురుగు ఎచ్చటికి పోవుచున్నది?" యని యడుగుడు. అతడు చెప్పలేనిచో, ఆ కాలువ వెంట మీరే నడచి చూచి రండు.