వెండితెరపై మరల ‘ఏలియన్’

రిడ్లీ స్కాట్ దర్శకత్వమున 1979 మే నెలలో అమెరికాలో విడుదలయైన ‘ఏలియన్’ చిత్రము, నలుబదియైదేండ్ల తరువాత, 2024 ఏప్రిల్ 26న మరల సినిమాహాళ్లకు వచ్చినది. ఇంటిలో మీట నొక్కినంతనే కనబడు చిత్రమునకు టిక్కెట్టు కొని చీకటిలో కూర్చొనువారుండుట కొందరికి వింతగా తోచవచ్చును. వ్యాపారదృష్టితో చూచినచో ఇందు వింత యేమియు లేదు. 2023లో హాలీవుడ్ రచయితలు 148 దినములు సమ్మె చేసిరి. నటులును జూలై నుండి నవంబరు వరకు పని మానిరి. తత్ఫలితముగా మరుసటి యేట కొత్త చిత్రములకు కొరత యేర్పడినది. పైగా ఆ ఆగస్టులోనే ఈ వరుసలోని కొత్త చిత్రము ‘రోములస్’ రానుండెను. పాతది ఖాళీని పూరించినది. కొత్తదానికి దండోరా కూడ వేసినది.

అయితే ఆ ఖాళీలోనికి వచ్చిన చిత్రమేది యన్నదే ఆలోచింపదగిన విషయము. కథలోని ‘నోస్ట్రోమో’ యుద్ధనౌక కాదు, ఖనిజమును లాగుకొనిపోవు సరకునౌక. అందున్నవారు ఏడుగురు పనివారు. మొదటి భోజనమువద్దనే ఇంజను పనివా రిరువురు తమ వాటా తక్కువయని సణుగుదురు. దారిలో వినవచ్చిన సంకేతమును విచారింపనిచో వాటాయే దక్కదని ఒడంబడికను చూపి వారి నోరు మూయింతురు. వింతజీవి నౌకలో జొరబడిన పిమ్మట బయటపడు రహస్యము మరింత దారుణము. ఆ జీవిని భద్రముగా తెచ్చుట యజమాని సంస్థ ఆజ్ఞ. పనివారు పోయినను చింత లేదు. దాని నమలుపరచు శాస్త్రాధికారి మనిషియే కాడు, యంత్రము! తమ కలమును, ముఖమును యంత్రము అపహరించునను భయముకూడ 2023 సమ్మెకు కారణములలో నొకటి. ఆ సమ్మె మిగిల్చిన వెలితిని ఇట్టి కథ తీర్చుట కాలము చేసిన పరిహాసము. నౌక పేరు జోసెఫ్ కాన్రాడ్ 1904లో ప్రకటించిన నవలది. వెండిగని సంపదను కాపాడుటకు పెద్దలు వాడుకొన్న ఓడరేవు మేస్త్రి కథ యది.

ఈ చిత్రములోని భయము నిరీక్షణలో నున్నది. ఆరంభమున చాలసేపు మాటయే లేదు. నిర్మానుష్యమైన నడవలు మాత్రమే. వింతజీవి తెరపై నుండునది కొలది నిమిషములే. ఇంటిలో ఫోను మ్రోగినను, దీపము వెలిగినను ఆ నిరీక్షణ చెదరిపోవును. నౌక కాళ్లు మహోన్నతములుగా కనబడుటకై వాటి చెంత పిల్లలకు అంతరిక్ష దుస్తులు తొడిగి నడిపించిరి. అరచేతి తెరపై ఈ శ్రమయంతయు వ్యర్థము.

తెలుగుసీమలో 2022 ఆగస్టునాటి ‘పోకిరి’ ప్రత్యేక ప్రదర్శనలతో ఊపందుకొన్న పునర్విడుదలలు వేరు జాతివి. అచ్చట ప్రేక్షకుడు సంభాషణను నటునికంటె ముందే పలుకును, పాటకు చిందులు వేయును. ఉత్సవము ఉత్సవమే, తప్పు పట్టనక్కరలేదు. కాని ‘ఏలియన్’కు కావలసినది మౌనము.

స్విట్జర్లాండు చిత్రకారుడు గీగర్ ఆ జీవిని ఎముకయో గొట్టమో తెలియనట్లు రూపొందించెను. చివర రిప్లీ చిన్నపడవలో తప్పించుకొని ఊపిరి పీల్చుకొనునప్పుడు, అది గోడలోని గొట్టముల నడుమ ముడుచుకొని యుండును. చిన్నతెరపై కనబడునది గోడ. పెద్దతెరపై, ముందొకసారి చూచినవాని కన్ను నేరుగా ఆ మూలకే పోవును. రిప్లీ ఇంకను అటు తిరిగియుండదు.