పాట పాటే, మాత్ర మాత్రే

గత నెలలో ఒక ఉదయం మా ఇంటి అరుగు మీద కూర్చుని ఉండగా పాత రోగి ఒకరు వచ్చారు. చోడవరం పరిసరాల్లో చెరకు పండించి, బెల్లం వండి, అనకాపల్లి మార్కెట్టుకు తోలిన రైతు. నేను ఉద్యోగంలో ఉన్న రోజుల నుంచీ ఎరిగిన మనిషి. తల బరువుగా ఉందన్నారు. రక్తపోటు చూస్తే 184/108 ఉంది. మాత్రలు వేసుకుంటున్నారా అని అడిగాను. ఆయన జేబులోంచి ఫోను తీసి ఒక సందేశం చూపించారు. ఫలానా రాగాన్ని నలభై రోజులు పరగడుపున వింటే రక్తపోటు సమూలంగా పోతుందనీ, ఆపై మాత్రల అవసరమే ఉండదనీ దాని సారాంశం. ఆయన ఇరవై రెండు రోజులుగా ఆ రాగం వింటున్నారు. ఇరవై రెండు రోజులుగా మాత్ర మానేశారు.

నేను మందలించబోయేలోగా ఆయనే అన్నారు: “మీరూ రోజూ ఆ ఇంగిలీసు బాజాలు ఇంటారు గదా బాబూ! అందుకే గదా ఈ వయసులో ఇంత గట్టిగున్నారు.”

నిజమే, వింటాను. యాభై ఏళ్లకు పైగా వింటున్నాను. అయితే పదిహేడేళ్లుగా ప్రతి ఉదయం రక్తపోటు మాత్ర కూడా వేసుకుంటున్నాను. ఆ సంగతి ఆయనకు తెలియదు. పాట వీధిలోకి వినిపిస్తుంది, మాత్ర మింగిన సంగతి ఎవరికీ వినిపించదు. అందుకే ఈ వ్యాసం.

చోడవరంలో ఈ బాజాలేమిటి?

నేను విశాఖపట్నంలోని ఆంధ్ర వైద్య కళాశాలలో చదువుతున్న రోజుల్లో హాస్టలులో నా గదిలో ఒక మిత్రుడు ఉండేవాడు. అతని అన్నగారు ఓడలో పనిచేసేవారు. ఆయన తెచ్చి ఇచ్చిన రికార్డు ప్లేయరు, ఓ డజను గ్రామఫోను రికార్డులు మా గదికి పెద్ద ఐశ్వర్యం. రాత్రిళ్లు షార్ట్‌వేవ్‌లో వాయిస్ ఆఫ్ అమెరికా పట్టుకునేవాళ్లం. విల్లిస్ కోనోవర్ అనే వ్యాఖ్యాత తన జాజ్ కార్యక్రమంలో ఇంగ్లీషు అంతగా రాని శ్రోతలకు కూడా అర్థం కావాలని ఒక్కొక్క మాటనూ నిదానంగా, స్పష్టంగా పలికేవారు. గాలివానకు స్టేషను చెదిరిపోతుంటే అనాటమీ పుస్తకం పక్కన పెట్టి ఏరియలు తీగ పట్టుకుని నిలబడిన రాత్రులు నాకింకా జ్ఞాపకం.

ఆ రికార్డుల్లో మాకు బాగా నచ్చినవి సోల్ జాజ్ అనే కోవకు చెందినవి. 1950ల నాటికి జాజ్ సంగీతం పండితులు చెవి ఒగ్గి వినవలసినంత జటిలమైంది. ఆ దశలో కొందరు నల్లజాతి కళాకారులు తాము చిన్నప్పుడు చర్చిలో విన్న కీర్తనల వైపూ, తమ పల్లెల బ్లూస్ పాటల వైపూ మళ్లీ చూశారు. హొరేస్ సిల్వర్ 1955లో ‘ద ప్రీచర్’ అనీ, బాబీ టిమ్మన్స్ 1958లో ‘మోనిన్’ అనీ బాణీలు కట్టారు. ఒకరు ఒక మాట అంటే తక్కినవారు దానికి బదులు పలుకుతారు. మనవారికి ఇది కొత్తేమీ కాదు. బుర్రకథలో కథకుడికి వంతలు పలికినట్లు, భజనలో ముందువాడు ఎత్తుకున్న చరణాన్ని గుంపు అందుకున్నట్లు ఉంటుంది. మన ఉత్తరాంధ్ర తప్పెటగుళ్లు చూసినవారికి ఆ తాళపు పట్టు విడమరచి చెప్పనక్కరలేదు.

ఈ సంగీతానికి ప్రాణం హామండ్ ఆర్గన్. పెద్ద గొట్టాల ఆర్గన్ కొనలేని చర్చిలకు బదులుగా పనికివస్తుందని 1935 ప్రాంతంలో వచ్చిన విద్యుత్ వాద్యం అది. జిమ్మీ స్మిత్ దాన్ని జాజ్‌లో స్థిరపరిచాడు. రెండు చేతులతో పాట వాయిస్తూ పాదాలతో కింది స్వరాలు తొక్కుతాడు. రికార్డుల పేర్లు చూడండి: ‘హోమ్ కుకిన్’ అంటే ఇంటి వంట, ‘బ్యాక్ ఎట్ ద చికెన్ షాక్’ అంటే కోడిమాంసం అమ్మే పాక దగ్గర. షర్లీ స్కాట్ అనే ఆర్గన్ విద్వాంసురాలు పాల్గొన్న ఒక రికార్డుల వరుసకు ‘కుక్‌బుక్’ అనే పేరు. వంటిల్లు, ప్రార్థన, వీధి మలుపు: వీరి వస్తువంతా దైనందిన జీవితమే. కొందరు విమర్శకులు దీన్ని చౌకబారు సంగీతమని తేలికగా తీసిపారేశారు. నా దృష్టిలో దాని గొప్పతనమంతా అక్కడే ఉంది. పండుగ రోజుకు కాక పని రోజుకు పనికివచ్చే సంగీతం అది. వందమంది ఓపీ చూసి, రెండు కాన్పులు చేసి, ఒక పోస్ట్‌మార్టం ముగించి ఇంటికి వచ్చినవాడికి అటువంటిదే కావాలి. రికార్డు ఒక వైపు ఇరవై నిమిషాలు నడుస్తుంది. ఆ ఇరవై నిమిషాలే నాకు ఆ రోజుకు తీరిక.

అట్టల వెనుక ఆయుర్దాయాలు

వైద్యుడి బుద్ధి ఎక్కడికి పోతుంది? కొన్నేళ్ల కిందట ఒక వర్షపు సాయంత్రం రికార్డుల దుమ్ము దులుపుతూ ఆయా కళాకారులు ఎంతకాలం జీవించారో ఒక కాగితం మీద రాసుకున్నాను. రాస్తున్నకొద్దీ మనసు బరువెక్కింది.

‘మోనిన్’ కట్టిన బాబీ టిమ్మన్స్ 38 ఏళ్లకే కాలేయం చెడి 1974లో మరణించాడు. గిటారు మీద ఒక్క తీగతో కథ చెప్పినట్లు వాయించిన గ్రాంట్ గ్రీన్ 43 ఏళ్లకు 1979లో గుండెపోటుతో పోయాడు. అంతకుముందే ఆసుపత్రి పాలైనవాడు విశ్రాంతి తీసుకోక కచేరీల ప్రయాణం కట్టాడు. ‘ద సైడ్‌వైండర్’ లీ మోర్గన్‌ది మరొక రకం విషాదం. 1972 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో తుపాకి గాయం తగిలి నెత్తురోడుతుంటే, మంచు తుఫానులో అంబులెన్సు ఆలస్యంగా వచ్చింది. అతనికి 33 ఏళ్లు.

అందరికంటే నన్ను బాధించినది కానన్‌బాల్ అడెర్లీ. ఫ్లోరిడాలో బడిపిల్లలకు బ్యాండు నేర్పిన మేష్టారు. కానన్‌బాల్ అసలు పేరు కాదు. తిండిపుష్టి చూసి చిన్నప్పుడు పెట్టిన ఎగతాళి పేరు మారి మారి అలా స్థిరపడింది. 1966లో ఆయన బృందం రికార్డు చేసిన ‘మెర్సీ, మెర్సీ, మెర్సీ’ బాణీ మరుసటి సంవత్సరం అమెరికా అంతటా మారుమోగింది. దాన్ని కట్టినది వియన్నా నుంచి వచ్చిన తెల్లజాతి పియానిస్టు జో జావినుల్. వాయించే ముందు కానన్‌బాల్ శ్రోతలతో నాలుగు మాటలు మాట్లాడతాడు. ఆపద వచ్చినప్పుడు మనుషులు సంసిద్ధంగా ఉండరన్నది ఆ మాటల్లోని భావం. అటువంటి మనిషికి మధుమేహం ఉండేది. 1975లో మస్తిష్క విఘాతం, అంటే మనం పక్షవాతం అనే జబ్బు, వచ్చి కొద్ది వారాల్లో మరణించాడు. వయసు 46.

మరొక వైపు చూడండి. హొరేస్ సిల్వర్ 85 ఏళ్లు, రామ్సే లూయిస్ 87 ఏళ్లు బ్రతికారు. సాక్సఫోను వాయించిన లూ డొనాల్డ్‌సన్‌కు ఉబ్బసం ఉండేది. మత్తుకు దూరంగా ఉన్నవాడిగా పేరు. 2024లో 98 ఏళ్ల వయసులో కాలం చేశాడు. అందరూ వాయించినది ఒకే కోవ సంగీతం. వినడమే కాదు, దినమంతా అందులోనే మునిగి ఉన్నారు. సంగీతమే రక్తపోటుకూ మధుమేహానికీ మందైతే కానన్‌బాల్ 46 ఏళ్లకు పోవలసినవాడు కాదు.

ఇక్కడే ఒక విచిత్రమైన సమకాలికత. ‘మెర్సీ’ మారుమోగిన 1967లోనే అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల్లో జరిగిన ఒక అధ్యయనం వెలువడింది. కింది రక్తపోటు 115 నుంచి 129 దాకా ఉన్న 143 మందిని రెండు వర్గాలుగా చేసి, ఒక వర్గానికి రక్తపోటు మందులు, రెండవ వర్గానికి మందులేని మాత్రలు ఇచ్చారు. రెండవ వర్గంలో 27 తీవ్రమైన ఉపద్రవాలు తలెత్తగా, మందులు తీసుకున్నవారిలో 2 మాత్రమే కనబడ్డాయి. రక్తపోటు మాత్ర ప్రాణం నిలుపుతుందని స్పష్టంగా రుజువైన తొలి సందర్భాల్లో అది ఒకటి.

నా మిత్రుడి సంగతి

ఆ హాస్టలు మిత్రుడూ వైద్యుడే. ముప్పై ఏళ్లకు పైగా రోగులకు రక్తపోటు మాత్రలు రాసిచ్చిన చేయి అతనిది. ఉద్యోగ విరమణ తరువాత ఒకరోజు ఫోనులో అన్నాడు: “ఒరేయ్, ఇప్పుడు ఒత్తిడేముంది? పొద్దున్నే నడక, సాయంత్రం రికార్డులు. మాత్ర మానేసి మూడు నెలలైంది, దివ్యంగా ఉన్నాను.”

రక్తపోటు చూసుకుంటున్నావా అని నేను అడగలేదు. నవ్వి ఊరుకున్నాను. ఆ పూట ఏ రికార్డు పెట్టాడో అడిగాను. ఆ సంభాషణ తలుచుకోని వారం లేదు నాకు.

రెండు నెలల తరువాత ఒక సాయంత్రం గదిలో ఒంటరిగా పాట వింటూ కుర్చీలోనే ఒరిగిపోయాడు. రికార్డు అయిపోయింది. ముల్లు చివరి గాడిలో గీసుకుంటూ తిరుగుతోంది. నిద్రపోయాడనుకుని ఇంట్లోవారు కదపలేదు. రాత్రి భోజనానికి లేపబోతే కుడి చేయీ కాలూ పడిపోయి ఉన్నాయి, మాట లేదు. మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడి వచ్చిన పక్షవాతానికి గడ్డను కరిగించే మందు నాలుగున్నర గంటల్లోపు పడాలి. అది గడ్డా, రక్తస్రావమా అన్నది ముందుగా సీటీ స్కాన్‌లో తేల్చుకోవాలి. అతను ఆసుపత్రికి చేరేసరికి ఆ వ్యవధి దాటిపోయింది.

పాట చేయగలిగిన మేలు

ఇంత చెప్పి పాటను కాదంటున్నానని అనుకోకండి. మూడు నెలల తరువాత చూడటానికి వెళ్లినప్పుడు అతను నన్ను గుర్తుపట్టాడు కాని పేరు పలకలేకపోయాడు. ‘మెర్సీ’ పెట్టాను. రెండోసారి పల్లవి వచ్చేసరికి అతని గొంతు కదిలింది. మాట రాని మనిషి బాణీ అంతా తప్పు లేకుండా కూనిరాగం తీశాడు. అతని భార్య వంటింట్లోంచి పరుగెత్తుకు వచ్చింది.

ఇందులో అద్భుతమేమీ లేదు. సాధారణంగా మాటకు ఆధారం మెదడు ఎడమ భాగం. రాగానికి కుడి భాగం కూడా బాగా తోడ్పడుతుంది. ఎడమ భాగం దెబ్బతిన్న కొందరు పలకలేని మాటను పాటగా అనగలుగుతారు. ఈ సూత్రం మీద మాటను తిరిగి నేర్పే పద్ధతి ఒకటి ఉంది. తాళానికి అనుగుణంగా అడుగులు వేయించడం పక్షవాత రోగుల నడకకు ఉపకరిస్తుందనీ, శస్త్రచికిత్సకు ముందు సంగీతం ఆందోళనను కొంత తగ్గిస్తుందనీ పరిశోధనలు చెబుతున్నాయి. ఇవన్నీ చికిత్సకు తోడుగా జరిగే మేళ్లు. చికిత్సను మానిపించే మేళ్లు కావు. నా మిత్రుడు ఇప్పుడు కర్ర ఊతంతో నడుస్తాడు. పొడి మాటలు మాట్లాడతాడు. ఫిజియోథెరపీ, మాటల శిక్షణ, పాట, మూడూ కలిసి చేసిన పని అది. మాత్ర మానక ఉంటే ఆ మూడింటి అవసరం రాకుండా పోయే అవకాశం చాలా ఎక్కువ.

మీకు నా మనవి

మా మిత్రుడి ‘మెర్సీ’ రికార్డు అట్ట మీద అది షికాగోలోని ఒక క్లబ్బులో రికార్డయిందని ఉంటుంది. నిజానికి హాలీవుడ్ స్టూడియోలో శ్రోతలను పిలిపించి, పానీయాలు పోయించి చేసినది. చాలా ఏళ్లు మేమిద్దరం అట్ట మీది మాటే నమ్మాం. అచ్చులో కనిపించిన మాటకే ఆ గతి పడితే, ఎవరు రాశారో తెలియని ఫోను సందేశం మాటేమిటి? పాటకు సంబంధించిన అబద్ధంతో నష్టం లేదు. మాత్రకు సంబంధించిన అబద్ధంతో మనిషి పోతాడు.

కనుక మీకు నచ్చిన సంగీతం రోజూ వినండి. ఘంటసాల కావచ్చు, ద్వారం వారి వాయులీనం కావచ్చు, మీ ఊరి భజన బృందం కావచ్చు. పక్కవారి మాట వినబడేటంత ధ్వనిలో వినండి. చెవికి వయసుతో పాటు వచ్చే లోటు చాలు, మనం కొత్తగా తేనక్కరలేదు. రక్తపోటు తరచుగా 140/90 లేదా అంతకు మించి ఉంటే వైద్యుడిని కలవండి. అంకె బాగుందంటే మాత్ర పనిచేస్తోందని అర్థం, మాత్ర మానవచ్చని కాదు. మోతాదు తగ్గించినా మార్చినా మీ వైద్యుడే చేయాలి. మూతి వంకర పోయినా, ఒక చేయి బలం తప్పినా, మాట తడబడినా 108కు ఫోను చేయండి. చోడవరం నుంచి విశాఖపట్నం చేరాలంటే గంటకు పైనే పడుతుంది, తెల్లవారనిద్దాం అనుకోవద్దు. ఇంట్లో పెద్దవారు పాట వింటూ కునికినట్లు కనిపిస్తే ఒకసారి పలకరించండి. నిద్ర చెడితే చెడనివ్వండి.

ఆ రైతు గారికి ఆ ఉదయమే మళ్లీ మాత్రలు మొదలుపెట్టించాను. రాగం మానమని చెప్పలేదు. మాత్ర వేసుకున్నాకే రాగం పెట్టుకోమన్నాను. మూడు వారాల తరువాత వచ్చినప్పుడు 146/88 ఉంది. ఇంకా తగ్గాలి. “రాగం బాగా పనిచేసింది బాబూ,” అన్నారు నవ్వుతూ. ఈసారి నవ్వి ఊరుకోలేదు. మాత్రల చీటీ తీయించి, ఎన్ని మిగిలాయో లెక్కపెట్టాను. లెక్క సరిపోయింది.