దండు ఒకరిది, దండుగ మరొకరికి

చరిత్ర పుస్తకాలలో యుద్ధాల తేదీలను మనము శ్రద్ధగా చదువుతాము. ఆ దండ్లకు డబ్బు కట్టినదెవరని మాత్రం అరుదుగా అడుగుతాము. సముద్రాల కావలి వలసలో నిలిపిన సైన్యపు ఖర్చును ఏలేవారు భరించవలెనా, ఏలబడేవారు భరించవలెనా? ఈ ప్రశ్నకు లభించే జవాబులోనే ఆ పాలన స్వభావము బయటపడుతుందని మా నమ్మకము.

సింగపూరు, పినాంగు, మలక్కాలతో కూడిన స్ట్రెయిట్స్ సెటిల్మెంట్లు 1867 వరకు భారత ప్రభుత్వపు అధీనములో ఉండేవి. మద్రాసు సైన్యపు సిపాయి దళాలు అక్కడ కాపలా కాసేవి. ఆ ఏట అవి లండనులోని వలసల శాఖ చేతికి మారినవి. 1890లో ఆ శాఖ, సైనిక వ్యయము క్రింద ఏటా లక్ష పౌండ్లు చెల్లించవలసినదని కోరింది.

సైన్యము రక్షణ నిచ్చుచున్నది, వర్తకము వృద్ధి చెందినది, కనుక వంతు ఇవ్వవలెనని లండను వాదము. ఇది పూర్తిగా త్రోసిపుచ్చదగినది కాదు. కాని ఆ కోటలు ఒక్క సింగపూరు కొరకే వెలసినవి కావు. చైనాకు పోయే బ్రిటిషు నౌకలు బొగ్గు నింపుకొనే రేవును కాచుట వాటి ముఖ్య ప్రయోజనము. అక్కడి రేవులో సరుకులపై సుంకము లేదు. ఖజానా రాబడిలో పెద్ద భాగము నల్లమందు గుత్తల నుండి వచ్చేది. అనగా సామ్రాజ్యపు కావలికి, రెక్కలు ముక్కలు చేసుకొనే చీనా కూలీ వ్యసనము కూడా మూల్యము చెల్లించినది.

శాసనసభలో అధికారులదే మెజారిటీ గనుక, అనధికార సభ్యులు వద్దన్నను పద్దు నెగ్గినది. అత్త సొమ్ము అల్లుడు దానము చేసినట్లయినది. 1895లో ఆ సభ్యులు నిరసనగా రాజీనామా చేశారు.

మన దేశపు కథ కూడా ఇదే. ఇక్కడి బ్రిటిషు సైనికుల జీతాలే గాక, ఇంగ్లండులో వారికిచ్చిన శిక్షణ ఖర్చు కూడా మన ఖజానాపై పడేది. 1895లో ఏర్పడిన వెల్బీ కమిషనులో సభ్యుడైన దాదాభాయి నౌరోజీ ఈ భారపు పంపకమును ప్రశ్నించి, 1900లో మరి ఇద్దరితో కలిసి ప్రత్యేక నివేదిక సమర్పించారు. 1933లో గాని, ట్రిబ్యునలు తీర్పు పిమ్మట, బ్రిటను ఏటా 15 లక్షల పౌండ్లు భరించుటకు ఒప్పుకొనలేదు.

వంతు వేసుకొనుటలో అన్యాయము లేదు. నేటికీ దక్షిణ కొరియా తన గడ్డపైనున్న అమెరికా సేనల ఖర్చులో కొంత చెల్లించుచున్నది. అయితే ఆ ఒప్పందానికి అక్కడి జాతీయ సభ ఆమోదము కావలెను. కాదనే హక్కు ఉన్నవాడిచ్చినది వాటా. ఆ హక్కు లేనివాని నుండి పుచ్చుకొన్నది కప్పము. చరిత్ర విద్యార్థులు యుద్ధాల తేదీలతో పాటు జమాఖర్చుల పుటలు కూడా తిరగవేయవలెనని మా కోరిక.