వాళ్లకి టూరు, మనకి ఊరు

పోస్టు కొంచెం పెద్దదే. ఓపిగ్గా చివరిదాకా చదవండి. ఒప్పుకోకపోతే కింద రాయండి, మాట్లాడుకుందాం.

పాపికొండల బోటు ట్రిప్పుల మీద మనలో రెండు మాటలు నడుస్తున్నాయి. "ఆ బోట్లు మన గూడేలకి రాకుండా ఆపేయాలి" అని కొందరు. "నాలుగు డబ్బులొస్తున్నాయి కదా, రానివ్వండి, మీకేంటి బాధ" అని ఇంకొందరు. మేము ఈ రెండిట్లో దేనికీ పూర్తిగా ఒప్పుకోవట్లేదు. బోటు రావచ్చు. కానీ మన రేవులో దిగే ముందు మనల్ని అడగాలి. మేము చెప్పాలనుకున్నది ఇంతే, మిగతాదంతా ఎందుకో చెప్పడానికి.

మేము దేవీపట్నం, వి.ఆర్.పురం మండలాల నుంచి వచ్చి ఇక్కడ డిగ్రీ చదువుతున్నవాళ్లం. మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కడం మాతోనే మొదలు. ధవళేశ్వరం దాటాక గోదావరి గౌతమి, వశిష్ఠగా చీలుతుంది, వశిష్ఠలోంచి వైనతేయ విడిపోతుంది. ఆ పాయల మధ్య ఉన్నదే ఈ కోనసీమ. అంటే రాజోలు దగ్గరైనా, కొత్తపేట దగ్గరైనా పారే నీళ్లు మన గూడేల ముందు నుంచి వచ్చినవే. ఇక్కడి మిత్రులు సెలవులొస్తే అడిగేది ఒకటే. "మీ పాపికొండలు భలే ఉంటాయంట కదా, ఎప్పుడు తీసుకెళ్తావు?" ప్రేమగానే అడుగుతారు, అందులో తప్పేం లేదు. అయితే వాళ్లు అడిగేది కొండల గురించి, నది గురించి. అక్కడ మనుషులున్నారన్న సంగతి ఆ ప్రశ్నలో ఎక్కడా ఉండదు.

ఇప్పుడు కొంచెం దూరం వెళ్లి వద్దాం. ఉత్తర ధ్రువం దగ్గర ఆర్కిటిక్ సముద్రం ఉంది. కెనడా పైభాగంలో మంచు దీవుల మధ్య నుంచి అట్లాంటిక్, పసిఫిక్ సముద్రాలని కలిపే దారిని నార్త్‌వెస్ట్ పాసేజ్ అంటారు. నార్వే దేశస్థుడు అముండ్‌సెన్ 1903లో చిన్న ఓడ మీద బయలుదేరితే ఆ దారి దాటేసరికి 1906 వచ్చింది. అదే దారిలో 2016లో క్రిస్టల్ సెరినిటీ అనే విలాసాల ఓడ దాదాపు వెయ్యిమంది ప్రయాణికులతో అలాస్కా నుంచి న్యూయార్క్‌కి 32 రోజుల్లో వెళ్లిపోయింది. టికెట్టు ఇరవై వేల డాలర్ల పైమాటే. ఓడలు ఇప్పుడు పెద్దవయ్యాయి, నిజమే. కానీ అంత పెద్ద ఓడ ఆ దారిన పోగలిగిందంటే ముఖ్య కారణం మంచు తగ్గిపోవడం.

ఆ మంచు అక్కడి ఇన్యూట్ ఆదివాసులకి మనకి అడవిబాట లాంటిది. దాని మీద నుంచే వేటకి పోతారు, ఇంకో ఊరికి పోతారు. వాళ్ల బాట కరిగిపోతుంటే ఓడకి దారి దొరికింది. ఆ ఓడ ఆగిన ఊళ్లలో ఉలుఖక్‌టోక్ ఒకటి. ఊరి జనాభా దాదాపు నాలుగొందలు. చూడ్డానికి వచ్చిన ఓడలో వెయ్యిమంది!

ఇది చదివినప్పుడు మాకు మన ఊళ్లే గుర్తొచ్చాయి. పోలవరం దగ్గర ఎగువ కాఫర్ డ్యామ్ కట్టి 2021 జూన్‌లో గోదావరిని స్పిల్‌వే వైపు మళ్లించారు. అప్పట్నుంచి వరదొస్తే దేవీపట్నం మండలంలో ఏమవుతోందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. గండిపోచమ్మ తల్లి గుడే నీళ్లలో ఉంటోంది. డ్యామ్ పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు. ఆ మట్టానికి నీళ్లు నిలబెట్టిన రోజున నది ఇంకా వెడల్పవుతుంది, ఇంకా లోతవుతుంది. అప్పుడు ఇంకా పెద్ద బోట్లు వస్తాయని మా అంచనా. అవి మనం పుట్టిన ఇళ్ల మీద నుంచి, పోడు కొట్టుకున్న చేల మీద నుంచి, తాతముత్తాతల్ని పాతిపెట్టిన చోటు మీద నుంచి పోతాయి. పైన డెక్కు మీద పాటలు, కింద నీళ్లలో మన ఊరు. వాళ్ల మంచు కరిగితే ఓడకి దారి, మన ఊరు మునిగితే బోటుకి దారి. పోగొట్టుకునేవాళ్లు ఒకరు, టికెట్టు అమ్ముకునేవాళ్లు ఇంకొకరు.

అయితే ఆర్కిటిక్‌లో జనం ఊరికే కూర్చోలేదు. మనం నేర్చుకోవాల్సింది అక్కడే ఉంది. అక్కడ తిరిగే చిన్న ఓడల కంపెనీలు 2003లో ఒక సంఘంగా ఏర్పడి ప్రయాణికులకి నియమాలు పెట్టుకున్నాయి. తర్వాత కొన్ని ఊళ్లు తమ ఊరికి వచ్చేవాళ్లు ఎలా నడుచుకోవాలో తామే చెప్పి రాయించుకున్నాయి. ఎక్కడ తిరగొచ్చు, ఎక్కడికి రాకూడదు, మనిషి ఫోటో తీసేముందు అడగాలి, ఇలాంటివి. నార్వే చేతిలో ఉన్న స్వాల్‌బార్డ్ దీవుల్లో అయితే ఏకంగా చట్టమే. 2025 జనవరి 1 నుంచి రక్షిత ప్రాంతాల్లోకి వచ్చే ఓడలో 200 మందికి మించి ప్రయాణికులు ఉండకూడదు, ఒడ్డుకి దిగడం కూడా ఎంపిక చేసిన 43 చోట్లే. తెల్ల ఎలుగుబంటికి కనీసం 300 మీటర్ల దూరంలో ఉండాలి, మార్చి నుంచి జూన్ ఆఖరు దాకా 500 మీటర్లు.

ఎలుగుబంటికి 300 మీటర్లు. మన అమ్మమ్మ వాకిట్లో కూర్చుని బియ్యం చెరుగుతుంటే ఆమె ముఖానికీ ఫోన్ కెమెరాకీ మధ్య దూరం ఎంత? మూడడుగులు కూడా ఉండదు. ఆమెని అడిగినవాళ్లు ఎంతమంది?

గూడెంలో పెరిగిన ఎవరికైనా ఇది తెలుసు. బోటు ఆగుతుంది, ఒక్కసారిగా వందమంది దిగుతారు. గుడిసె లోపలికి తొంగి చూస్తారు. పిల్లల్ని లాక్కుని రీల్స్ తీస్తారు, చేతిలో బిస్కెట్టు పెడతారు. నాలుగు రోజులు కూర్చుని అల్లిన వెదురు బుట్ట దగ్గర బేరమాడతారు. అదే మనిషి బోట్లో చిప్స్ ప్యాకెట్టుకి నోరెత్తకుండా డబ్బులిస్తాడు. మైకులో చెప్పేవాళ్లు "కొండరెడ్లు అంటే ఇప్పటికీ నాగరికత తెలియనివాళ్లు" అన్నట్టు చెప్తారు. ఆ ఊరి పిల్ల అమలాపురంలో డిగ్రీ చదువుతోందని మైకు పట్టుకున్నవాళ్లకి తెలీదు. మన బొంగు చికెన్ సిటీ హోటళ్ల మెనూలోకి ఎక్కింది. మనం మాత్రం ఇంకా ఫోటో కిందే ఉన్నాం, పేరు కూడా లేకుండా.

ఇక ప్రాణాల మాట. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ బోటు మునిగింది. నది వరద మీద ఉంది. బోట్లో 77 మంది, బతికి బయటపడింది 26 మంది. వాళ్లని ఎవరు బయటికి లాగారు? ఏ హెలికాప్టరూ కాదు. ఆ చుట్టుపక్కల మన గూడేల వాళ్లు, నాటు పడవలేసుకుని వెళ్లి. 2023 సెప్టెంబరులో గ్రీన్‌లాండ్ దగ్గర ఓషన్ ఎక్స్‌ప్లోరర్ అనే ఓడ 206 మందితో ఇసుకమేటలో ఇరుక్కుంటే మూడు రోజుల తర్వాత లాగింది కూడా అక్కడి చేపల పరిశోధన ఓడే. మారుమూల అని చూడ్డానికి వస్తారు. ఆపదొస్తే ఆ మారుమూలలో ఉండేవాళ్లే దిక్కు.

ఇంకోటి కూడా చెప్పాలి. 2018 మే 15న మంటూరు దగ్గర లాంచీ మునిగి ఇరవై మంది దాకా పోయారు. అది టూరిస్టు బోటు కాదు. అందులో ఉన్నది ఎక్కువగా మనవాళ్లే, పనులు చూసుకుని ఇళ్లకి వెళ్తున్నవాళ్లు. రెండు నెలలకే జులై 14న ఇక్కడ కోనసీమలో పశువుల్లంక దగ్గర పడవ బోల్తాపడి బడి నుంచి ఇంటికెళ్తున్న ఆడపిల్లలు గల్లంతయ్యారు. కచ్చులూరు అందరికీ గుర్తుంది. మంటూరు ఎంతమందికి గుర్తుంది? పశువుల్లంక? చూడ్డానికి వచ్చినవాళ్ల ప్రాణమూ ప్రాణమే, వాళ్ల కోసం మనమూ ఏడ్చాం. కానీ కంట్రోల్ రూము, లైఫ్ జాకెట్టు, బోటు తనిఖీ అన్నవి టికెట్టు కొన్నవాళ్లకే కాదు, రోజూ ఏరు దాటే పిల్లకి కూడా కావాలి.

అందుకే మేము కోరేవి ఇవి.

ఒకటి, ఏ గూడెం రేవులోనైనా టూరిస్టు బోటు ఆగాలంటే ఆ ఊరి గ్రామసభ ఒప్పుకోవాలి. రోజుకి ఎన్ని బోట్లు, ఒకేసారి ఎంతమంది, ఎంతసేపు అన్నది ఊరే చెప్పాలి. ఇదేం గొంతెమ్మ కోరిక కాదు. మన ఆచారాల్ని, సంస్కృతిని, ఉమ్మడి వనరుల్ని కాపాడుకునే అధికారం గ్రామసభకి ఉందని 1996 పెసా చట్టమే చెప్తోంది. మన రాష్ట్రంలో దానికి 2011లో నియమాలు కూడా వచ్చాయి.

రెండు, అడక్కుండా మనిషి ఫోటో తియ్యకూడదు. పిల్లల్ని, స్నానాల రేవుని అసలు తియ్యకూడదు. ఈ మాట బోటు ఎక్కేచోటే బోర్డు మీద ఉండాలి.

మూడు, ప్రతి బోట్లో ఈ ఊళ్ల నుంచి ఒక గైడు ఉండాలి, జీతం మీద. మైకు వాళ్ల చేతిలో ఉండాలి. టికెట్టులో కొంత ఊరి ఖాతాకి రావాలి. వెదురు సామాను ధర తయారుచేసినవాళ్లే రాసి పెట్టాలి.

నాలుగు, కంట్రోల్ రూముల్లో, రక్షణ పడవల్లో ఉద్యోగాలు ఆ ఏరు తెలిసిన మన కుర్రాళ్లకి ఇవ్వాలి. ఊరివాళ్లు ఎక్కే లాంచీలకి కూడా అదే తనిఖీ ఉండాలి.

"ఇన్ని రూల్స్ పెడితే బోట్లే రావు, ఉన్న డబ్బులూ పోతాయి" అంటున్నారు కొందరు అన్నలు. వాళ్లని కొట్టిపారేయలేం. బుట్టలమ్మిన డబ్బుతో ఇక్కడ పరీక్ష ఫీజు కట్టినవాళ్లు మాలోనే ఉన్నారు. కానీ పాపికొండల్ని ఇంకో చోటికి ఎత్తుకుపోలేరు కదా. చూడాలంటే మన దగ్గరికే రావాలి. అంతంత రూల్స్ ఉన్నా ఆర్కిటిక్‌కి ఓడలు ఆగలేదు. అడగడానికి మనకి బలం ఉంది, అడగడమే అలవాటు లేదు.

"ఊరే మునిగిపోతుంటే ఈ రూల్స్ ఎవరికి?" అని ఇంకో ప్రశ్న. అందరికంటే కష్టమైన ప్రశ్న ఇదే. పునరావాస కాలనీకి వెళ్లినవాళ్లకి రేవు లేదు, రేవులో హక్కూ లేదనేస్తారు. మేము అలా అనుకోవట్లేదు. ఊరు మునిగినా ఆ నీళ్ల కింద ఉన్నది మన ఊరే. దాని మీద నుంచి బోటు నడిపి సంపాదిస్తే అందులో ఆ ఊరివాళ్లకి వాటా ఉండాలి, ఆ బోటు నడిపే పని మొదట ఆ ఊరి పిల్లలకి దక్కాలి. నష్టపరిహారం ఇచ్చాం కదా అంటే, అది భూమికీ ఇంటికీ ఇచ్చింది. మన కథ అమ్ముకోమని ఇచ్చింది కాదు.

ఈ ఎండాకాలం సెలవుల్లో ఇళ్లకి వెళ్లేవాళ్లు ఒక పని చేయండి. మీ ఊళ్లో బోటు ఆగుతుందా, ఎన్ని ఆగుతాయి, ఊరికి ఏమొస్తోంది, పెద్దవాళ్లు ఏమంటున్నారు, రాసి తీసుకురండి. ఊరి చుట్టూ ఉన్న వాగుల పేర్లు, గుట్టల పేర్లు, దేవతల చోట్లు కూడా పెద్దవాళ్లని అడిగి రాసుకోండి. రేపు బోట్లో మైకు మన చేతికొస్తే చెప్పడానికి అవి కావాలి. అవన్నీ కలిపి గ్రామసభలో పెట్టే తీర్మానం తయారుచేద్దాం. తెలుగులో, మన పెద్దలకి అర్థమయ్యేలా రాసే బాధ్యత మా హాస్టల్‌వాళ్లం తీసుకుంటున్నాం. ఏ ఊరి నుంచి ఎవరు రాస్తారో కింద పేర్లు పెట్టండి.